పరాకు ప్రాణాంతకం: సరోజినీ నగర్ విశ్వాసులకు హెచ్చరిక

మెత్తగా చెప్పే సమయం దాటిపోయింది కాబట్టి సూటిగానే చెబుతున్నాం. ఢిల్లీ సరోజినీ నగర్‌లోనూ, చుట్టూ ఉన్న నేతాజీ నగర్, లక్ష్మీబాయి నగర్, కిద్వాయి నగర్, ఆర్.కె.పురం కాలనీల్లోనూ కాపురముంటున్న తెలుగు క్రైస్తవులం మనం ఆరాధనకు వస్తున్నాం, పాటలు పాడుతున్నాం, కానుకలు వేస్తున్నాం, ఆమేన్ అంటున్నాం. మనసు మాత్రం అక్కడ ఉండడం లేదు. దేవుని సన్నిధిలో కూర్చునీ ఇంకెక్కడో ఉంటున్నాం. పక్క మనిషి మాట వింటూనే ఇంకేదో ఆలోచిస్తున్నాం.

ఈ అలవాటు ముదిరితే ఏమవుతుందో పెద్దలకు తెలుసు. విశ్వాసం వదిలేస్తున్నానని ఎవరూ చాటింపు వేసి వెళ్లరు. కుటుంబ ప్రార్థన వారానికి ఒకసారి అవుతుంది, తర్వాత పండగలకే పరిమితమవుతుంది, ఆ తర్వాత పిల్లలకు గుర్తుండదు. బాప్తిస్మపు సర్టిఫికెట్టు బీరువాలో భద్రంగా ఉంటుంది. ఇంట్లో దేవునితో మాట్లాడే గొంతు ఆగిపోతుంది. ఏ రోజు ఆగిందో అడిగితే ఎవరూ చెప్పలేరు.

సంఘానికి బయటి నుంచి వచ్చే ఇబ్బందుల గురించి తరచూ మాట్లాడుకుంటున్నాం, మాట్లాడుకోవాలి కూడా. లోపలి నుంచి తొలుస్తున్న ఈ పరాకు గురించి మాత్రం ఎవరూ నోరు విప్పడం లేదు. అందుకే ఈ హెచ్చరిక.

సంచి ఎవరిదని అడిగినవాళ్లు

2005 అక్టోబరు 29, శనివారం సాయంత్రం. దీపావళి కొనుగోళ్లతో సరోజినీ నగర్ మార్కెట్ కిటకిటలాడుతోంది. ఆ సాయంత్రం ఢిల్లీలో మూడు చోట్ల బాంబులు పేలాయి. ఒకటి పహాడ్‌గంజ్‌లో, ఒకటి గోవింద్‌పురి దగ్గర డీటీసీ బస్సులో, ఒకటి మన మార్కెట్‌లో. మొత్తం 60 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువ మంది సరోజినీ నగర్‌లోనే. పండగ బట్టలకని వచ్చి ఇల్లు చేరనివాళ్ల కుటుంబాలు ఈ నగరంలో ఇంకా ఉన్నాయి. వాళ్ల ముందు తలవంచి మాత్రమే ఈ ప్రస్తావన తేవాలి.

బస్సులో జరిగింది వేరు. ఎవరిదో తెలియని సంచి ఒకటి ఉందని గమనించారు. ఎవరిదని అడిగారు. జవాబు లేదు. కండక్టరు వెంటనే డ్రైవరుకు చెప్పారు. డ్రైవరు కుల్‌దీప్ సింగ్ బస్సు ఆపి, జనాన్ని దింపి, ఆ సంచిని తన చేతులతో తీసి దూరంగా పారేయబోయారు. అది పేలింది. ఆయన కంటిచూపు పోయింది. బస్సెక్కినవాళ్లు ఇళ్లకు చేరారు.

ఆ రోజు అంతమందిని కాపాడింది ఒక చూపు, ఒక ప్రశ్న, ఆలస్యం చేయకుండా కదిలిన ఒక చెయ్యి. చూడడం, అడగడం, కదలడం. ఆ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఏమై ఉండేదో ఊహించడానికే భయం వేస్తుంది. ఆ తర్వాత నగరమంతా పాఠం నేర్చుకుంది. మెట్రో స్టేషన్లో సంచులు తనిఖీ చేస్తారు, యజమాని లేని వస్తువు కనిపిస్తే చెప్పమని ప్రకటనలు వినిపిస్తూనే ఉంటాయి. సంచిని గమనించడం ఇంత బాగా నేర్చుకున్న మనం, పక్కన కూర్చున్న మనిషిని గమనించడం మరిచిపోయాం. రెండు వారాలుగా ఖాళీగా ఉన్న కుర్చీని చూస్తున్నాం. అది ఎవరిదని అడగడం లేదు.

రద్దీలో ఒక్క స్పర్శ

సరోజినీ నగర్‌లో ఉంటూ రద్దీ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. సోమవారం మార్కెట్ సెలవు కాబట్టి ఆదివారం మధ్యాహ్నానికి జనం పొంగిపొర్లుతారు. 2021 డిసెంబరులో, ఒమిక్రాన్ భయం కమ్ముకున్న రోజుల్లో, ఇక్కడి జనసమ్మర్దాన్ని చూసి ఢిల్లీ హైకోర్టే ఆందోళన చెందింది. ఆ ఏడాది డిసెంబరు 25, 26 తేదీల్లో దుకాణాలను సరి-బేసి పద్ధతిలో తెరిపించారు. సరిగ్గా క్రిస్మస్ రోజున మన కాలనీ మార్కెట్‌ను గుంపు భయంతో అదుపు చేయాల్సి వచ్చింది.

మార్కు సువార్త అయిదో అధ్యాయంలో ఇలాంటి గుంపే ఉంది. యాయీరు అనే సమాజమందిరపు అధికారి కూతురు చావు బతుకుల్లో ఉంది. యేసు ఆ ఇంటికి వెళుతున్నాడు. జనం మీద పడుతున్నారు, తోసుకుంటున్నారు. ఆ తోపులాటలో, పన్నెండేళ్లుగా రక్తస్రావంతో కుమిలిపోతున్న ఒక స్త్రీ వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రాన్ని ముట్టుకుంది. ఆయన ఆగాడు. నన్ను ముట్టినదెవరని అడిగాడు. శిష్యులకు ఆ ప్రశ్న వింతగా తోచింది. ఇంతమంది మీద పడుతుంటే ముట్టిందెవరని అడగడమేమిటని వాళ్ల అభ్యంతరం. ఆయన మాత్రం కదలలేదు. ఆమె ముందుకు వచ్చి తన కథంతా చెప్పుకునేదాకా నిలబడి విన్నాడు.

ఆ ఘట్టంలో శిష్యులు దుర్మార్గులు కారు. పెద్ద పని మీద పోతున్నారు, దారిలో ఆగడం ఇష్టం లేదు, అంతే. మన వైఖరి అచ్చంగా అదే. క్యారల్స్ రౌండ్లకు పోవాలి, స్టేజీ అలంకరణ చూడాలి, భోజనాల లెక్క తేల్చాలి, ముఖ్య అతిథిని స్టేషన్ నుంచి తీసుకురావాలి. ఈ పెద్ద పనుల మధ్య మన కొంగు పట్టుకుని ఎవరో ఏదో చెప్పబోతారు. తర్వాత మాట్లాడదాం అక్కా, ప్రార్థనలో పెడతాం అన్నా, అని నడిచిపోతాం. ప్రార్థనలో పెడతామన్న మాట మన నోట ఎంత తేలికైపోయిందంటే, ఎవరి పేరు పెట్టామో సాయంత్రానికి గుర్తుండదు.

ఇక్కడ అనుకోవలసిన విషయం ఒకటుంది. ఆ స్త్రీ దగ్గర ఆగినందువల్ల యాయీరు ఇంటికి ఆలస్యమైంది, పిల్ల చనిపోయిందని కబురు కూడా వచ్చింది. అయినా ప్రభువు అక్కడికీ వెళ్లాడు, పిల్లను లేపాడు. ఎదుట ఉన్న మనిషికి ఇచ్చిన సమయం వృథా పోలేదు. దేవుని పనికి అడ్డు వచ్చారని మనం విసుక్కునే మనుషులే చాలాసార్లు దేవుని పని.

గుడి నిండా దీపాలు, కిటికీలో కుర్రవాడు

అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో త్రోయ పట్టణపు ఆరాధన ఉంది. మూడో అంతస్తు గది. చాలా దీపాలు వెలుగుతున్నాయి. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తున్నాడు. ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చుని గాఢనిద్రలోకి జారి, మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఎత్తి చూస్తే ప్రాణం లేదు.

ఈ కథ చెప్పి ప్రసంగంలో కునికిపాట్లు పడేవాళ్లను మందలించడం మన ఆనవాయితీ. ఈసారి ఆ కథను అటువైపు నుంచి చదవండి. గది నిండా విశ్వాసులున్నారు. దీపాల వెలుగులో ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తోంది. ఒక కుర్రవాడు కిటికీలో కూర్చున్నాడు, తల వాలుతోంది, ఒళ్లు తూలుతోంది. బాబూ, లోపలికొచ్చి కూర్చో అన్నవాళ్లు ఒక్కరైనా ఉన్నట్టు లేఖనంలో లేదు. అందరూ వాక్యం వింటున్నారు. వాక్యం వింటూనే ఒక మనిషిని పోగొట్టుకోవచ్చని ఆ రాత్రి త్రోయ సంఘానికి తెలిసింది. పౌలు ప్రసంగం ఆపాడు, మెట్లు దిగాడు, ఆ కుర్రవాణ్ణి కౌగిలించుకున్నాడు. వాడు బతికాడు.

మన కిటికీలో ఎవరున్నారో ఈ ఆదివారం చూడండి. సివిల్స్ కోచింగ్‌కని రాజమండ్రి నుంచో ఖమ్మం నుంచో వచ్చి చిన్న గదిలో ఒంటరిగా ఉంటున్న అబ్బాయి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా గుడికి వచ్చిన నర్సమ్మ. ఎగుమతి మిగులు బట్టల దుకాణంలో పనిచేస్తూ ఆదివారం సెలవు దొరకక నెలకొకసారి పరుగున వచ్చి చివరి వరసలో నిలబడే తమ్ముడు. భర్త పోయాక మాట్లాడే మనిషి లేక, ముందే వచ్చి, ముగిశాక కూడా కదలని పెద్దమ్మ. వాళ్లంతా వస్తారు. ఆశీర్వాదం అయ్యీ అవగానే మనం మన ఊరివాళ్లతో, మన బంధువులతో కబుర్లలో పడతాం. వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోతారు. మూడు ఆదివారాలు అలా జరిగితే నాలుగో ఆదివారం రారు.

పరీక్ష పోయి, ఇంటికి మొహం చూపించలేక, లోలోపల కుంగిపోతున్న పిల్లలు ఈ నగరంలో ఉన్నారు. వాళ్లకు ప్రార్థన చేస్తే సరిపోతుందని చేతులు దులుపుకోకండి. పక్కన కూర్చోండి, అడగండి, వినండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న టెలి మానస్ సహాయ నంబరు 14416. దీన్ని సంఘం నోటీసుబోర్డు మీద పెట్టడానికి ఏ తీర్మానమూ అక్కర్లేదు.

చేతిలో బైబిలు, వేలి కింద బజారు

పరాకు ఎలా మొదలవుతుందో దగ్గరగా చూద్దాం. వాక్యం తీయమని పాస్టరుగారు అనగానే వరసల్లో ఫోన్లు వెలుగుతాయి. బైబిలు యాప్ తెరుచుకుంటుంది. అధ్యాయం వెతికేలోగా తెర పైఅంచు నుంచి ఒక సందేశం కిందికి దిగుతుంది. ఆఫీసు గ్రూపు. ఒక్క క్షణమని వేలు దాని మీదికి పోతుంది. అక్కడి నుంచి క్రికెట్ స్కోరు, అక్కడి నుంచి ఎవరిదో పెళ్లి ఫోటో. తిరిగి వచ్చేసరికి పాస్టరుగారు మూడో అంశంలో ఉంటారు. పక్కనున్న పదేళ్ల పిల్ల ఇదంతా చూస్తుంది. ఆరాధన అంటే పెద్దవాళ్లు ఫోను చూసుకునే సమయమని నేర్చుకుంటుంది. సండే స్కూల్లో టీచరమ్మ ఏడాదంతా నేర్పింది ఆ పది నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి గుడి తలుపులు మూతపడినప్పుడు ఆన్‌లైన్ ఆరాధన మనల్ని నిలబెట్టింది. మంచం పట్టినవాళ్లకు, ప్రయాణం చేయలేని వృద్ధులకు అది ఇప్పటికీ దేవుడిచ్చిన వరమే. దాన్ని తప్పుపట్టడం లేదు. కాళ్లు బాగున్నవాళ్లు, మెట్రో ఇంటి ముందే ఉన్నవాళ్లు, ఆరాధనను వంటింటి గట్టు మీద మోగనిచ్చి కూరలు తరుక్కోవడం గురించి మాట్లాడుతున్నాం. సగం చెవితో విన్న వాక్యం సగం మనిషికే చేరుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి పోయినవాళ్లకు పాలు పొంగిన సంగతి మాడు వాసన వచ్చాకే తెలుస్తుంది. ఇళ్లలో పిల్లల విశ్వాసం విషయంలో ఆ వాసన ఇప్పటికే వస్తోంది.

వంటిల్లు దేవునికి దూరమైన చోటని దీని అర్థం కాదు. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి ఏళ్ల తరబడి వంటింట్లో పనిచేశాడు. గిన్నెల చప్పుడు మధ్య కూడా ప్రార్థనలో ఉన్నట్టే దేవుని సన్నిధిలో ఉండడం ఆయన సాధన. ఆయన 1691లో చనిపోయాడు. ఆయన మాటలను, ఉత్తరాలను చేర్చిన చిన్న పుస్తకాన్ని నేటికీ ప్రపంచమంతా చదువుతోంది. ఆయన గిన్నె తోమేటప్పుడు గిన్నె తోముతూ దేవునితో ఉన్నాడు. మనం ప్రార్థన చేసేటప్పుడు కూడా ప్రార్థనలో ఉండడం లేదు. తేడా వంటింటికీ గుడికీ మధ్య లేదు, మన ధ్యాసలో ఉంది.

నిద్రమత్తు మీద వేసే వల

మెలకువ లేని చోటికి మోసం తేలిగ్గా వస్తుంది. కొత్త నిబంధన మెలకువగా ఉండమన్నప్పుడు చాలాసార్లు దాని పక్కనే ఏదో ఒక ప్రమాదాన్ని చూపిస్తుంది. పేతురు తన మొదటి పత్రికలో గర్జించే సింహం లాంటి అపవాదిని గుర్తు చేశాడు. ప్రభువు అబద్ధ ప్రవక్తల గురించి ముందే చెప్పాడు. ఆ మాటలు మన ఫోన్లకు కూడా వర్తిస్తాయి.

మీ పేరు, మీ ఊరు, మీ కష్టం చెప్పి, ప్రభువు మీ గురించి నాకు చూపించాడంటూ ఫోను చేసేవాళ్లుంటారు. ప్రత్యేక ప్రార్థనకని, అభిషేక తైలానికని, విత్తన కానుకకని క్యూఆర్ కోడ్ పంపుతారు. ఈ రాత్రిలోగా పంపకపోతే దీవెన తప్పిపోతుందని తొందరపెడతారు. ఆ తొందరే గుర్తుపట్టవలసిన ఆనవాలు. మన కష్టాలు మనమే వాట్సాప్ గ్రూపుల్లో ప్రార్థన అంశాలుగా పెట్టి ఉంటాం, అవి తెలుసుకోవడానికి దర్శనాలు అక్కర్లేదు. దేవుని కృపకు గడువు తేదీ, యూపీఐ నంబరు ఉండవు. ఎవరైనా ఇలా మోసపోతే సిగ్గుపడి దాచుకోవద్దు. సైబర్ మోసాల జాతీయ సహాయ నంబరు 1930కి ఆలస్యం చేయకుండా ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లోవాళ్లు కూడా తిట్టకుండా తోడు నిలవండి. తిడతారన్న భయంతోనే చాలామంది మోసాన్ని మింగి ఊరుకుంటారు.

రెండు స్టేషన్ల దూరం

సరోజినీ నగర్ స్టేషన్‌లో పింక్ లైన్ రైలెక్కి, ఐఎన్‌ఏలో యెల్లో లైనుకు మారితే తర్వాతి స్టేషనే ఎయిమ్స్. శీతకాలం రాత్రి ఆ స్టేషన్ మెట్లెక్కి బయటికి వచ్చినవాళ్లకు కనిపించే దృశ్యం మనందరికీ తెలుసు. దేశం నలుమూలల నుంచి వైద్యానికి వచ్చి, గది అద్దె కట్టలేక, ఫుట్‌పాత్ మీద దుప్పట్లు పరుచుకున్న రోగులు, వాళ్ల బంధువులు. తలకింద ఎక్స్‌రే కవరు, రిపోర్టుల ఫైలు. పొగమంచు, పొగ కలిసిన గాలి. చలికాలంలో ప్రభుత్వం గుడారాలు వేస్తుంది, రైన్ బసేరాలనే రాత్రి ఆశ్రయాలు నడుపుతుంది. అవి చాలవు.

యెరికో దారిలో గాయపడినవాణ్ణి యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు. లూకా సువార్త ఆ విషయం స్పష్టంగా చెబుతుంది. వాళ్ల కళ్లకు లోపం లేదు. చూసి పక్కగా పోయారు. సమరయుడు చూసి దగ్గరికి వచ్చాడు. ఆ కథలో తీర్పు అక్కడే తేలిపోయింది. మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలో ఎడమవైపు నిలబడ్డవాళ్లు, ప్రభువా నిన్ను ఎప్పుడు చూశామని నిజంగానే ఆశ్చర్యపోయారు. వాళ్లు అబద్ధమాడలేదు. చూసినా పట్టించుకోలేదు, అందుకే గుర్తు లేదు. ఆ అధ్యాయం చదివి భయపడనివాళ్లు మళ్లీ చదవాలి.

మనం ఉపవాస ప్రార్థనల్లో సేవ చేసే అవకాశమివ్వమని దేవుణ్ణి అడుగుతున్నాం. ఆయన రెండు స్టేషన్ల దూరంలో ఇచ్చాడు.

ఒంగోలు చూపిన దారి

ఇదేమీ మనకు కొత్త సంగతి కాదు. 1876-78 మహాకరవులో తెలుగు నేల పిట్టల్లా రాలుతున్న మనుషులను చూసింది. ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో అలమటిస్తున్నవాళ్లకు పని కల్పించాడు. పనిలోకి వచ్చినవాళ్లలో చాలామంది బాప్తిస్మం కావాలన్నారు. కరవు సాయం నడుస్తున్నంత కాలం ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం అడుగుతున్నారో ప్రభువు కోసం అడుగుతున్నారో తేలాలని ఆగాడు. సాయం ముగిశాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఖ్య చెప్పుకుని మురిసిపోవడం మనకు అలవాటు. దాని వెనకున్న మెలకువను చెప్పుకోం. ఆకలిని చూసి కదిలాడు, గుంపును చూసి మోసపోలేదు. ఇవాళ మన సంఘాల్లో ఎంతమంది వచ్చారన్నది రిజిస్టరులో ఉంటుంది, ఫేస్‌బుక్‌లో ఫోటోగా ఉంటుంది. వచ్చినవాళ్లు ఎలా ఉన్నారన్నది ఎక్కడా ఉండదు. మన తాతముత్తాతల్లో అనేకులు మాల మాదిగ పల్లెల నుంచి ఆ రోజుల్లో ప్రభువు దగ్గరికి వచ్చినవాళ్లు. ఊరు చూసీ చూడనట్టు పోయిన మనుషులను సువార్త కళ్లెత్తి చూసింది కాబట్టే వచ్చారు. వాళ్ల మనవలం, మునిమనవలం మనం. ఇంకొకరిని చూసీ చూడనట్టు పోవడానికి మనకు ఏ హక్కూ లేదు.

మెలకువ అంటే బెంగ కాదు

ఒక జాగ్రత్త. ఈ హెచ్చరిక చదివి, అలసిపోయినవాళ్లు తమను తాము నిందించుకోకూడదు. రెండు షిఫ్టులు చేసి ప్రసంగంలో కునుకు తీసే తల్లి మీద ఎవరూ వేలెత్తి చూపకండి. పదిమంది కన్యకల ఉపమానంలో పదిమందీ నిద్రపోయారు. బుద్ధిగలవాళ్లకు, లేనివాళ్లకు తేడా సిద్దెల్లో ఉన్న నూనె. తుఫానులో దోనె ఊగిపోతుంటే ప్రభువే నిద్రపోయాడు. ఏలీయా చావాలనుకుని బదరీచెట్టు కింద పడుకుంటే, దేవుని దూత ముందు అన్నం పెట్టి మళ్లీ పడుకోనిచ్చింది. ఒళ్లు అలసి నిద్రపోతే దేవుడు కప్పుతాడు. మనసు మొద్దుబారితే లేపుతాడు.

కాబట్టి పగలూ రాత్రీ బెంగపడమని చెప్పడం లేదు. ఉన్నచోట ఉండమంటున్నాం. పని చేసేటప్పుడు పనిలో, విశ్రాంతిలో విశ్రాంతిలో, మనిషి ఎదుట ఉంటే ఆ మనిషి దగ్గర, ప్రార్థనలో దేవుని దగ్గర. గెత్సేమనేలో ప్రభువు శిష్యులను అడిగింది ఒక్క గడియ మెలకువ. జీవితకాలపు జాగరణ అడగలేదు. ఆ ఒక్క గడియ కూడా వాళ్లు ఇవ్వలేకపోయారు, ఆయన శరీరం బలహీనమని వాళ్లను అర్థం చేసుకున్నాడు. అయినా మూడుసార్లు లేపాడు. మనల్నీ లేపుతున్నాడు.

ఈ ఆదివారం నుంచే

సంఘ పెద్దలకు: హాజరు పుస్తకం లెక్క కోసం కాకుండా మనుషుల కోసం తెరవండి. వరసగా రెండు ఆదివారాలు రానివాళ్ల పేర్లు రాసి, మూడో ఆదివారంలోగా ఒకరు ఆ ఇంటికి వెళ్లాలి. ఫోను సందేశం చాలదు. ఈ పదేళ్లలో పాత క్వార్టర్లు పడగొట్టి కొత్త టవర్లు కట్టే పనిలో ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి. ఒకప్పుడు గోడకు గోడ ఆనుకుని ఉన్నవాళ్లు ఇప్పుడు ద్వారకలో, నోయిడాలో, గురుగ్రామ్‌లో ఉన్నారు. పాత అడ్రసుల పుస్తకం సరిచూడండి. ఎవరు ఏ సంఘానికీ అందకుండా మిగిలిపోయారో తెలుసుకోండి.

పాస్టర్లకు: ప్రసంగం పది నిమిషాలు తగ్గినా పర్వాలేదు. ఆశీర్వాదం తర్వాత అతిథుల గదిలోకి పోకుండా తలుపు దగ్గర నిలబడండి. చివరి వరసవాళ్లు మెట్లు దిగకముందే వాళ్ల పేరు అడగండి. పై ఆదివారం ఆ పేరుతో పిలవండి.

తల్లిదండ్రులకు: ఆరాధనకు అచ్చు బైబిలు తీసుకెళ్లండి. ఫోను ఆపి సంచిలో పెట్టండి. ఇంట్లో రాత్రి భోజనాల తర్వాత పావుగంట చాలు, అందరి ఫోన్లూ వేరే గదిలో ఉంచి ఒక కీర్తన పాడి, చిన్న వాక్యభాగం చదివి, ఆ రోజు ఎవరు ఎలా ఉన్నారో ఒకరినొకరు అడగండి. పిల్లలు చెప్పేది మధ్యలో తుంచకుండా వినండి. కన్నతండ్రి వింటాడని తెలిసిన పిల్లకే పరలోకపు తండ్రి వింటాడని నమ్మకం కుదురుతుంది.

యవ్వనస్థులకు: ఈ క్రిస్మస్‌కు క్యారల్స్ ఒక రాత్రి తగ్గించి, ఆ రాత్రి ఎయిమ్స్ బయట ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. దుప్పటి ఇచ్చి ఫోటో తీసుకుని రాకండి. పక్కన కూర్చుని ఏ ఊరని, ఏ జబ్బని అడగండి. మందుల చీటీ అర్థం కానివాళ్లకు చదివి చెప్పండి. మనలో చాలామందికి ఇక్కడ పుట్టి పెరిగినందువల్ల హిందీ బాగా వచ్చు. ఆ భాష దేవుడు మీకు ఇచ్చింది మార్కెట్‌లో బేరమాడడానికే కాదు.

ప్రతి విశ్వాసికీ: ఆరాధన ముగిశాక, మార్కెట్ వైపు అడుగు వేయకముందు, మీకు తెలియని ఒక్క మనిషితో మాట్లాడండి. ప్రార్థనలో పెడతామని ఎవరికైనా మాట ఇస్తే అక్కడే, ఆ క్షణమే, రెండు మాటల్లో ప్రార్థించండి. వారం తిరిగేలోగా ఏమైందని అడగండి.

క్రిస్మస్‌కు ముందు ఆగమన కాలంలో సంఘం మెలకువ గురించి చదువుతుంది. మొదటి క్రిస్మస్ వార్త విన్నది బెత్లెహేము పొలాల్లో రాత్రి కాపలా కాస్తున్న గొర్రెల కాపరులు. వాళ్లకు దొరికిన ఆధిక్యత వాళ్ల చదువుకో హోదాకో దక్కింది కాదు, వాళ్లు తమ పనిలో మేల్కొని ఉన్నారు. ప్రభువు తిరిగి వస్తాడని మనం నమ్ముతున్నాం. ఆ రోజు ఎప్పుడో మనకు తెలియదు, తెలుసుకోవలసిన పని కూడా మనకు అప్పగించలేదు. మనకు అప్పగించింది ఆయన ఇంటిని, ఆయన మనుషులను. అప్పగించినవాడు వచ్చి ముందుగా అడిగేది వాళ్ల గురించే. మీ వరసలో ఖాళీగా ఉన్న కుర్చీ ఎవరిదో కనుక్కుని, ఈ వారమే ఆ ఇంటి తలుపు తట్టండి.